బతికే ఉన్నానని ఒక కాగితం

ఇవాళ సాయంత్రం నాలుగు గంటలప్పుడు, ఏలూరులో ప్లీడరు గారి వరండాలో టైపు మిషను ముందు కూర్చున్న గుమాస్తా గారు తల ఎత్తకుండానే "పిల్లలెంతమందండీ?" అని అడిగారు. "ఇద్దరండి" అన్నాను.

నాకు ముగ్గురు. మూడోది ఆ క్షణాన నా భుజం మీదే ఉంది. మూడు నెలల పిల్ల. పొద్దుటి నుంచి ఒళ్ళు కాలుతోందని పైట కప్పి పట్టుకున్నాను, దాని ఊపిరి నా మెడకి తగులుతూనే ఉంది. గుమాస్తా గారు పెద్దవాడి పేరు, రెండోదాని పేరు, వాళ్ళు పుట్టిన తేదీలు అడిగి కొట్టుకుంటూ పోయారు, మిషను గంట మోగింది, కాగితం బయటికి లాగి నా ముందు పెట్టారు, నేను చదివి సంతకం కూడా చేశాను. అప్పుడు పక్క బెంచీ మీద కూర్చున్న మా అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా, మెచ్చుకుంటున్నట్టు రెండుసార్లు నిమిరింది. 

అలసటలో నోరు జారిందనుకోవచ్చు. మావారు నెల్లాళ్ళ కిందటే మలయా తిరిగి వెళ్ళిపోయారు. పురిటికి వచ్చి చంటిదాని కోసం ఆగిపోయిన నేను, వచ్చేటప్పుడు తండ్రి పాస్‌పోర్టు మీద వచ్చిన పెద్దవాళ్ళనీ చంటిదాన్నీ వెంటబెట్టుకుని ఓడ ఎక్కాలంటే నా పాస్‌పోర్టులో వాళ్ళ పేర్లు ఎక్కాలి, ఆ దరఖాస్తు కోసమే వెళ్ళాం. పేరు ఎక్కని పిల్లని ఓడ ఎక్కనివ్వరు. అది తెలిసి కూడా నేను ఇద్దరనే చెప్పాను, చెప్పినదాన్ని దిద్దుకోలేదు. జట్కాలో ఇంటికి వస్తుంటే అమ్మ వీధి వైపు చూస్తూ, "చంటిది కొన్నాళ్ళు నా దగ్గరుంటుందిలే, తర్వాత రాయించుకోవచ్చు" అంది. నేను పిల్ల మీద పైట సరిగ్గా కప్పాను. దీపాలు పెట్టే వేళకి పిల్లకి జ్వరం తగ్గింది.

ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు. వంటింట్లో లైటు వేసుకుని, పీట మీద కాగితాలు పెట్టుకుని ఇది రాస్తున్నాను. నాతో కాలేజీలో చదువుకున్నవాళ్ళెవరూ నన్ను ఇలాంటివి నమ్మే మనిషిగా ఎరగరు. నేనూ ఎరగను. కానీ ఆ "ఇద్దరండి" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఏడేళ్ళ కిందట నా పెళ్ళి కాగితాల కోసం తిరిగిన నెల రోజుల్లోంచి వచ్చింది.

అప్పటికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. నేను బి.ఏ. పూర్తి చేసి, పవర్‌పేటలో ఈ అద్దె ఇంట్లోనే అమ్మతో ఉంటూ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నాన్నగారు నేను థర్డ్ ఫారంలో ఉండగానే పోయారు. తాడేపల్లిగూడెంలో ఉండే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, మలయాలో రబ్బరు తోటల బడిలో తెలుగు మేష్టారుగా చేరి మూడేళ్ళయింది. మా పెళ్ళి ఎప్పుడో అనుకున్నదే. తీరా ముహూర్తాలు చూసే వేళకి బావకి మరో రెండేళ్ళ దాకా సెలవు లేదన్నారు. అక్కడే గుళ్ళో తాళి కట్టి, రిజిస్ట్రారు ముందు కూడా సంతకాలు చేస్తే తప్ప నన్ను ఆ దేశంలో ఉండనివ్వరని, ఫలానా తేదీలోగా దిగాలని, పర్మిట్‌తో పాటు ఒక ఉత్తరం పంపాడు. మా అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని మద్రాసులో ఓడ ఎక్కేటట్టు నిర్ణయం చేశారు. గడువు దాటితే పర్మిట్ రద్దు, మళ్ళీ ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు.

కావలసినవి మూడు కాగితాలు. నేను పుట్టినట్టు సర్కారు రిజిస్టరు నకలు ఒకటి, నాకు ఇంతకు ముందు పెళ్ళి కాలేదని మేజిస్ట్రేటు గారి ముందు నేను చేసే ప్రమాణం ఒకటి, తండ్రి లేడు కనక తల్లి ఒప్పుదల ఒకటి. అప్పుడూ ఇదే వరండా, ఇదే గుమాస్తా గారు. ఒప్పుదల కాగితం టైపు అయ్యాక ప్లీడరు గారు చదివి వినిపిస్తానంటే అమ్మ "వద్దండి, సంతకం ఎక్కడో చూపించండి చాలు" అంది. ఎడం చెయ్యి కాగితం మీద పరిచి, రాసినదంతా అరచేతి కింద కప్పేసి, వేళ్ళ సందున తన పేరు రాసింది. సిగ్గుపడుతోందనుకున్నాం. అమ్మ చదువురాని మనిషి కాదు.

నా చిన్నతనం మామూలుగానే గడిచిందని అప్పటిదాకా అనుకునేదాన్ని, ఎందుకంటే పక్కవాళ్ళ చిన్నతనం మనకి కనపడదు కదా. మా ఇంట్లో నాకు వేరే విస్తరి వేసేవారు కాదు, అమ్మ విస్తట్లోనే ఒక పక్కన తినేదాన్ని. కొత్త గుడ్డ కొంటే ముందు పనిమనిషి కూతురు ఒకరోజు కట్టుకోవాలి, తరవాతే నాకు. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం నేను ఎరగను. "ఇదిగో" అనేది, "ఎక్కడున్నావే" అనేది, ఎక్కువగా గిన్నె మీద గరిటెతో చప్పుడు చేసేది, నేను వచ్చేదాన్ని. ఎవరైనా కొత్తవాళ్ళు పిల్లలెంతమందండీ అని అడిగితే "లేరండి" అనేది. నేను పక్కనే నిలబడి ఉండగా అనేది. వాళ్ళు నా వైపు చూస్తే "మా బంధువుల పిల్ల" అని మాట మార్చేసేది. నా మీద ఇష్టం లేక కాదు, నాకు టైఫాయిడ్ వస్తే నలభై రోజులు నా మంచం పట్టె మీద తల పెట్టుకునే పడుకుంది. ఇంట్లో ఉట్టి మీద ఒక చిన్న ముంత ఉండేది, మూతికి గుడ్డ కట్టి, పసుపుతాడు చుట్టి. ఇల్లు మారినప్పుడల్లా అందరికన్నా ముందు అది మారేది. దాన్ని ముట్టుకోకూడదు. ఎందుకని నేను అడగలేదు. ఇంట్లో ముట్టుకోకూడనివి అందరికీ ఏవో ఉంటాయి.

నకలు కోసం నేనూ అత్తయ్యా బెజవాడ వెళ్ళి, గుడివాడ మీదుగా రైలు మారి తాలూకా ఆఫీసుకి పోయాం. మాది కలిదిండి దాటాక కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు, నాకు అయిదో ఏడు వచ్చాక వదిలి వచ్చేశాం. అమ్మని రమ్మంటే తలనొప్పి అంది. ఆఫీసులో పెద్దాయన, ఓపికమంతుడు, జననాల పుస్తకం తీసి దుమ్ము దులిపి, వేలితో జారుకుంటూ వచ్చి ఆగాడు. నాన్నగారి పేరు, ఊరు, ఆడపిల్ల, నా పేరు. నకలు రాయడం మొదలుపెట్టాడు. పక్కన గళ్ళో ఏదో చిన్న గుర్తు కనిపించినట్టుంది, కలం ఆపి లేచి వెళ్ళి రెండో పుస్తకం తెచ్చుకున్నాడు. అది మరణాలది. అందులోనూ వేలు జారుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఆయన తల ఎత్తి నా మొహం చూశాడు. తరవాత బల్ల మీదికి కొంచెం వంగి, నా పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూశాడు.

"ఈ అమ్మాయి మూడో నెల్లోనే పోయిందండి" అన్నాడు మా అత్తయ్యతో. నాతో కాదు.

"మరి ఇది ఎవరండీ?" అంది అత్తయ్య నన్ను చూపించి.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నానండి" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా.

ఎర్ర సిరాతో ఒక పక్కన "మరణించినది" అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి నకలు ఇచ్చాడు. రైల్లో అత్తయ్య దాన్ని మడవకుండా పట్టుకుని కూర్చుంది. గుడివాడ దాటాక "నా కోడలు దెయ్యమైతే నాకేం గానీ, పులుసు పెట్టడం వస్తే చాలు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు అయ్యాక అత్తయ్య నా మణికట్టు పట్టుకుని, తాడేపల్లిగూడెం వెళ్ళడానికి ఏలూరులో విడిపోయేదాకా వదల్లేదు. నాడి చూస్తోందని నాకు తరవాత తోచింది.

ఇంటికొచ్చి నకలు అమ్మ ముందు పెట్టాను. ఎర్ర సిరా చూసి అమ్మ భయపడలేదు, ఊపిరి తీసుకుంది. పుస్తకంలో ఇంకా అలాగే ఉందన్నమాట, అన్నట్టు.

ఆ సాయంత్రం చెప్పింది. నాకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారట, ఒకడు ఇరవై రోజులకి, ఒకడు నాలుగో నెల్లో. అందుకని నేను పుట్టిన పదకొండో రోజున నన్ను చేటలో పెట్టి, లంకలో ఉండే చేపలు పట్టేవాళ్ళ ఇంటావిడకి అమ్మేశారు. ఆవిడ ఒక ముంతెడు తవుడు ఇచ్చి కొనుక్కుని, "ఇది నా పిల్ల, మీరు పెంచండి" అని తిరిగి చేతికిచ్చింది. ఇంతవరకు మన వైపు చాలా ఇళ్ళల్లో జరిగేదే, తవుడమ్మలూ తవుడయ్యలూ మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ తవుడే ముంతలోది. అలాంటి పిల్లని పెళ్ళికి ముందు తవుడు తిరిగి ఇచ్చి విడిపించుకుంటారు.

మా నాన్నగారు ఇంకొక అడుగు వేశారు. పోయిన ఇద్దరు పిల్లల పేర్లూ పుట్టిన వెంటనే గ్రామ మునసబు గారి పుస్తకానికి ఎక్కాయి. లంకల్లో పుట్టే పిల్లల పేర్లు ఎవరూ రాయించరు, వాళ్ళు బురదలో దొర్లుతూ బతికేస్తున్నారు. పిల్లల్ని తీసుకుపోయేవాడు ఎవడో గానీ వాడు ఈ పుస్తకం చూసి వస్తున్నాడని నాన్నగారికి గట్టిగా తోచింది. నాకు మూడో నెల్లో జ్వరం వచ్చి పాలు తాగడం మానేసినప్పుడు, ఆయన మునసబు గారి దగ్గరికి నడిచి వెళ్ళి, కూతురు పోయిందని రాయించి వచ్చారు. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి, ఈ పిల్ల లేదనుకోండి, ఎవరూ పేరెత్తకండి అని చెప్పుకున్నారు. ఆ పొద్దు గుంకేలోపల నాకు జ్వరం తగ్గింది.

ప్లీడరు గారు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. అయితే నాలుగో కాగితం కావాలన్నారు. రిజిస్టరులో పోయినట్టు ఉన్న పిల్లా ఈ పిల్లా ఒకటేనని, ఆ రాత అబద్ధమని, నా కూతురు బతికే ఉందని, కన్నతల్లి మేజిస్ట్రేటు గారి ముందు నోటితో చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. స్టాంపు కాగితం మీద గుమాస్తా గారు టైపు చేశారు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఇన్నాళ్ళూ దాచుకున్నదాన్ని నా నోటితో చూపించెయ్యమంటారేంటండీ?" అంది.

"అమ్మా, ఇది సర్కారు కాగితమండి. ఇంకెవరూ చదవరు" అన్నారు ప్లీడరు గారు.

"ఆ పుస్తకమూ సర్కారుదేనండి" అంది అమ్మ.

ఆయన కాగితం తీసి సొరుగులో పెట్టేశారు. తాడేపల్లిగూడెం నుంచి అత్తయ్య రెండుసార్లు వచ్చి బతిమాలింది, కోప్పడింది, "మా తమ్ముడు చేసిన పని నువ్వు మొయ్యాలా" అంది. అమ్మ ఆవిడకి మజ్జిగ ఇచ్చి, విసనకర్ర ఇచ్చి, మాట ఇవ్వలేదు. పర్మిట్ గడువుకి ఇంక పదహారు రోజులుంది.

ఆ రోజుల్లో నాకు ఏదో అయింది. బజార్లో కొట్టువాడు నన్ను దాటి వెనకవాళ్ళకి సరుకు కడితే, మామూలుగా అయితే పట్టించుకోనిదాన్ని, నేనున్నానని చేత్తో బల్ల మీద కొట్టేదాన్ని. జట్కావాడు పిలిచినా ఆగకుండా పోతే రోడ్డు మధ్యలో నిలబడిపోయేదాన్ని. బడిలో హాజరు పిలుస్తూ, నలభై మంది పిల్లలు ఒకరి తరవాత ఒకరు "ప్రెజెంట్ టీచర్" అంటుంటే, నన్నెవరూ పిలవలేదని ఏడుపొచ్చింది. ఆ ఎర్ర సిరా రాత నిజమైతే నేను బతికింది మూడు నెలలే. మిగతా ఇరవై రెండేళ్ళూ ఎవరివి? ఒకరోజు అన్నం తింటూ, అదే విస్తట్లో ఇటు పక్క నుంచి, ఆ మాట అమ్మనే అడిగేశాను. నేను బతికున్నానని నువ్వు చెప్పకపోతే, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తిరిగింది ఎవరు అన్నాను. అమ్మ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న ముంత ఉట్టి మీద లేదు, అమ్మ చంకలో ఉంది. "పద" అంది.

జట్కాలో కొల్లేటి గట్టు దాకా వెళ్ళి, అక్కడ పడవ మాట్లాడుకున్నాం. మంచి ఎండ. ఎండలో ఆ సరస్సు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. కిక్కిస పొదల మధ్య నీటి దారి, గుర్రపుడెక్క పువ్వులు, దూరంగా కదలకుండా తెల్లగా గూడబాతులు. పడవవాడు మా ఊరివాడే. అమ్మని గుర్తుపట్టి క్షేమం అడిగాడు, నాన్నగారి గురించి నొచ్చుకున్నాడు, పంటల సంగతి చెప్పాడు. నా వైపు ఒక్కసారి చూసి, చూపు నా భుజం మీదుగా నీటి మీదికి జార్చేశాడు. ఆ తరవాత నేను అక్కడ ఉన్నట్టే లేదు. దిగేటప్పుడు అమ్మకి చెయ్యి అందించాడు. నేను దిగేటప్పుడు చెయ్యి అందించలేదు గానీ, నేను దిగేదాకా పడవ ఊగకుండా గెడతో గట్టిగా నొక్కిపట్టాడు, ముఖం అటు తిప్పుకుని.

ఊళ్ళోనూ అంతే. అరుగుల మీద వాళ్ళు లేచి "ఒక్కరే వచ్చేరాండీ?" అని అమ్మని పలకరిస్తున్నారు. నేను అమ్మ పక్కన, ఆకుపచ్చ చీర కట్టుకుని, ఎండలో నీడ పడేటట్టు నడుస్తున్నాను. "ఒక్కదాన్నేనండీ" అంటోంది అమ్మ. ఎవరి కళ్ళూ నా మీద నిలవడం లేదు. ఒక ముసలాయన నాకు అడ్డం రాకుండా మంచం పక్కకి జరుపుకున్నాడు, నన్ను చూడకుండానే. పిల్లలు మాత్రం నోరు తెరుచుకుని నన్ను చూస్తుంటే తల్లులు వాళ్ళ మొహాలు తమ వైపు తిప్పుకున్నారు. మా నాన్నగారు చెప్పి ఇరవై రెండేళ్ళయింది. చెప్పినాయన పోయి ఎన్నేళ్ళో అయింది. ఆ మాట ఇంకా అందరూ నిలబెడుతున్నారు. వాళ్ళు నామీద దయతోనే అలా చేస్తున్నారని తెలుస్తూనే ఉంది, అయినా వీధి చివరికి వచ్చేసరికి నా పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో ఒకసారి కిందికి చూసుకున్నాను.

నన్ను కొన్నావిడ ఇల్లు లంక మీద. అక్కడికి తాటిదోనెలో వెళ్ళాలి. ఆవిడ నీళ్ళ ఒడ్డున కూర్చుని వల బాగు చేసుకుంటోంది, చుట్టూ బాతులు. బాగా పెద్దదైపోయింది, చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి.

"ఒక్కరే వచ్చేరాండీ అమ్మగారూ? ఎండెక్కిపోయింది, కూకోండి" అంది. లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. ఒకటి అమ్మ చేతికిచ్చింది. రెండోది నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి, దానితో తనకి పని లేనట్టు మళ్ళీ వల అందుకుంది.

అమ్మ ముంత ముందు పెట్టి, కాగితాల సంగతి, ఓడ సంగతి, మేజిస్ట్రేటు సంగతి చెప్పింది. ఆవిడ వల ముడి వేస్తూనే వింది.

"కొన్నది నేనండి. పిల్ల పోయిందని రాయించింది అయ్యగారు. నన్నడిగి రాయించేరా?" అంది చివరికి.

అమ్మ ముంత మీద పసుపుతాడు సర్దింది.

"నేను కొన్న పిల్ల ఈ గట్టు మీద గోచీ గుడ్డతో ఆడుకునేదండి. ముడ్డి మీద ఒక్కటేసి 'నీళ్ళల్లోకి పోకే' అందామంటే నోరు పెగిలేది కాదు. లేని పిల్లని ఏమని తిడతాం? మీరు పేటకెళ్ళిపోయేరు. నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, కొన్నానని గానీ, ఉందని గానీ."

"నేను చెప్తే మళ్ళీ వస్తాడేమో అక్కా" అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఏమోనండి. రావచ్చు. ఆడు రావాలనుకుంటే పుస్తకాలు చదువుకునే వస్తాడా?" అని ఆవిడ ముంత అందుకుని, పసుపుతాడు తెంపి, గుడ్డ విప్పింది. లోపల తవుడు తవుడులా లేదు, బూడిదలా ఉంది, పురుగు తిని తిని మెత్తగా అయిపోయింది. ఆవిడ దాన్ని చేత్తో తీసి నీళ్ళ మీద చల్లింది. బాతులు రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, దగ్గరికి వచ్చాక ఆగిపోయాయి. ఒక్కటీ ముక్కు పెట్టలేదు. నీటి మీద ఆ బూడిద రంగు తెట్టు మెల్లగా విచ్చుకుంటూ మా వైపు వచ్చింది. ఎంతసేపని చెప్పలేను. అమ్మ వేళ్ళు నా చీర చెంగు పట్టుకున్నాయి. అప్పుడొక బాతు మెడ చాచి ముక్కుతో గీరింది, తరవాత ఇంకొకటి, తరవాత అన్నీ.

ఆవిడ చేతులు కడుక్కుని లేచి, నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం ఎండకి తిప్పి చూసింది.

"నల్లబడిపోయేవేంటే" అంది.

నా జీవితంలో నన్ను చూసి ఎవరైనా అన్న మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అది.

నాలుగు రోజులకి మేజిస్ట్రేటు గారి ముందు నిలబడ్డాం. ఆయన కాగితం చదివి, కొంచెం చిరాగ్గా, ఈవిడ మీ కూతురేనా, బతికే ఉందా అని అడిగారు. అమ్మ "అవునండి" అంది. వినపడేలా చెప్పమన్నారు. అమ్మ చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని, "నా కూతురేనండి. బతికే ఉందండి" అంది. అనేసి, తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. తలుపు దగ్గర బిళ్ళ బంట్రోతు తప్ప ఎవరూ లేరు, కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళందరం ఆ క్షణాన అటే చూశాం, మేజిస్ట్రేటు గారితో సహా.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. తెలియని గొంతు. తిరిగి చూస్తే అమ్మ. ఊరికే పిలిచిందట, ఎలా ఉంటుందోనని. నాకు సంతోషం కలగాల్సింది, భయం వేసింది. అప్పటిదాకా నన్ను దాచిన చెయ్యి తీసేసినట్టయింది. ఏలూరు స్టేషనులో రైలు కదులుతుంటే కూడా పేరు పెట్టే పిలిచింది, పెట్టెలో ఎవరో ఎవరండీ అంటే "మా అమ్మాయండి, పెళ్ళికి వెళ్తోందండి" అని గట్టిగా చెప్పింది. చెప్పి, ఆ రోజు నుంచి నాకేమన్నా అవుతుందని ఎదురుచూస్తూ ఒక్కర్తీ ఇంట్లో కూర్చుంది. నా ఉత్తరం వస్తే పోస్టుమాన్ చేతిలో ఉండగానే ముందు పైన అడ్రసు ఎవరి చేతిరాతో చూసుకుని, నాదేనని తేలాకే చేతిలోకి తీసుకునేదట. ఆ సంగతి చెప్పింది అత్తయ్యే, నాకు పెద్దవాడు పుట్టాక.

నాకేమీ కాలేదు. నాలుగు కాగితాలూ చూసి అక్కడి రిజిస్ట్రారు నాలుగోదాన్ని రెండుసార్లు చదివాడు, బావకేసి చూశాడు, ముద్ర వేశాడు. ఏడేళ్ళు గడిచాయి. ఇప్పుడు పిల్లలు ఆస్పత్రిలో పుడుతున్నారు, పుట్టిన గంటలో మణికట్టుకి చీటీ కడుతున్నారు, ఇంకెవర్నీ చేటలో పెట్టి అమ్మడం లేదు. మేం వచ్చాక లంకలో ఆవిడ కోసం కబురు చేస్తే పోయి రెండేళ్ళయిందన్నారు. ఆ ఊరి వీధిలో నన్ను చూడకుండా కాపాడినవాళ్ళు ఎంతమంది మిగిలారో తెలియదు. అలాంటి మాట ఇచ్చి ఇన్నేళ్ళు నిలబెట్టే ఊరు ఇంక ఎక్కడా ఉండదనుకుంటే దిగులుగా ఉంటుంది, ఉంటే అందులో పెరగాల్సిన పిల్ల గుర్తొచ్చి ఆ దిగులు ఆగిపోతుంది.

ఇవాళ అమ్మ నోరు విప్పలేదు. ఇద్దరని చెప్పింది నేను, బి.ఏ. చదివినదాన్ని, ఏదీ నమ్మనిదాన్ని. అన్నీ నమ్మిన అమ్మ ఆ రోజు నిలబడి, నేను పోతానేమోనని వణుకుతూ కూడా, బతికే ఉందని చెప్పింది. నేను చెప్పలేకపోయాను. పైగా జ్వరం తగ్గింది. ఇప్పుడే లేచి వెళ్ళి చూసి వచ్చాను, ఒళ్ళు చల్లగా ఉంది. చల్లగా ఉందని ఇక్కడ రాయడానికి చెయ్యి ఆగింది. దాన్ని నిద్రలో పేరు పెట్టి పిలుద్దామని వంగి, పిలవకుండానే వచ్చేశాను.

ఇది పొద్దున్న రాస్తున్నాను. కాఫీ తాగి, ప్లీడరు గారింటికి వెళ్ళడానికి చీర మార్చుకున్నాను. దరఖాస్తు కొత్తది టైపు చేయించాలి. అమ్మ అడ్డు చెప్పలేదు, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చుంది, రెండు చేతులతో దాని చెవులు మూసి. పెద్ద వాళ్ళిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. మీ చెల్లిని పేరు పెట్టి పిలవండి, రోజూ, గట్టిగా, అమ్మమ్మ ముందు కూడా. బడిలో గానీ, ఓడలో గానీ, మీరెంతమంది అని ఎవరడిగినా ముగ్గురమని చెప్పండి. నేను పక్కన నిలబడి ఇద్దరని చెప్పినా సరే, మీరు మాత్రం ముగ్గురమనే చెప్పండి.